వెలిసిపోయిన తెర: ఆధునిక చలనచిత్రంలో వర్ణలోపం, గ్రాఫిక్స్ అతివాడకం

ఇరవై ఐదేళ్లుగా వస్తున్న భారీ చిత్రాల మీద ప్రేక్షకుల నుంచీ విమర్శకుల నుంచీ, కొన్నిసార్లు ఛాయాగ్రాహకుల నుంచీ కూడా వినిపిస్తున్న ఫిర్యాదులు ప్రధానంగా రెండు. తెర మీది రంగులు పలుమార్లు ఉతికిన బట్టలా వెలిసిపోయి, పగలైనా రాత్రయినా ఒకే బూడిద మసక కప్పుకొని ఉంటున్నాయనేది మొదటిది. కంప్యూటర్‌లో తయారుచేసిన దృశ్యాలు, అంటే తెలుగు పరిశ్రమ వాడుకలో 'గ్రాఫిక్స్' లేదా 'సీజీ', కథకు అవసరమైన మేరను దాటి తెరనంతా ఆక్రమించుకుంటున్నాయనేది రెండోది. ఈ రెండింటినీ సాధారణంగా వేర్వేరు జబ్బులుగా లెక్కించి, మొదటిదానికి డిజిటల్ కెమెరానూ రెండోదానికి నిర్మాతల మోజునూ కారణంగా చూపుతారు. చిత్రనిర్మాణ చరిత్రను వరసగా పరిశీలిస్తే మాత్రం రెండూ ఒకే అలవాటు నుంచి పుట్టాయని తోస్తుంది: చిత్రీకరణకు ముందే తేల్చుకోవలసిన వెలుగును, రంగును, రూపాన్ని చిత్రీకరణ ముగిశాక చూసుకోవచ్చునని వాయిదా వేయడం.

అసలు ఈ ఫిర్యాదులో నిజమెంత అన్నది ముందుగా చూడాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కటింగ్, ఆయన సహచరులు 1935 నుంచి 2010 వరకు విడుదలైన 160 ఆంగ్ల చిత్రాలను కొలిచి 2011లో ప్రచురించిన పరిశోధనలో, షాట్ల నిడివి తగ్గుతూ, కదలిక పెరుగుతూ రావడంతో పాటు తెర మీది సగటు వెలుతురు కూడా దశాబ్దాల పొడవునా తగ్గుతూ వచ్చిందని తేల్చారు. ఇది చీకటిని కొలిచిన లెక్కే గాని రంగు గాఢతను కొలిచినది కాదు కనుక దీని ఒక్కదాని ఆధారంగా రంగులు వెలిసిపోయాయని తీర్మానించడం తొందరపాటే అవుతుంది. పైగా పాత రంగుల చిత్రాలన్నీ కళకళలాడేవన్న నమ్మకంలో జ్ఞాపకం చేసే మోసం కొంత ఉంది. 1950లో కొడాక్ ప్రవేశపెట్టిన ఈస్ట్‌మన్ కలర్ పద్ధతి వ్యాపించాక ఎన్నో చిత్రాల ప్రింట్లు కొన్నేళ్లకే నీలపు వన్నె కోల్పోయి గులాబీ రంగుకు తిరిగిపోయాయి. ఆ నష్టం మీద 1980 ప్రాంతంలో దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ ఉద్యమమే నడపవలసి వచ్చింది. అయితే అప్పటి చిత్రాలు వయసు మీద పడి వెలిసిపోగా ఇప్పటివి వెలిసిపోయే పుడుతున్నాయి, ఆ తేడా చిన్నది కాదు.

రంగును ముందే నిర్ణయించడమంటే ఏమిటో తెలియాలంటే టెక్నికలర్ సంస్థ పని తీరును గుర్తు చేసుకోవాలి. ఆ సంస్థ 1932లో డిస్నీ లఘుచిత్రం 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్'తో వాడకంలోకి తెచ్చి, 1935లో 'బెకీ షార్ప్'తో పూర్తి నిడివి చిత్రానికి విస్తరించిన పద్ధతిలో, కెమెరా లోపలి పట్టకం వెలుగును చీల్చి ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను మూడు నలుపు తెలుపు నెగెటివ్‌ల మీద విడివిడిగా నమోదు చేసేది. ఆ మూడింటి నుంచి చేసిన అచ్చులతో, మచిలీపట్నం అద్దకంలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు వేసినట్లే, ప్రింటు మీదికి రంగులు ఒకదాని మీద ఒకటిగా ఎక్కించేవారు. దీనికి విపరీతమైన వెలుతురు కావలసి వచ్చేది, కెమెరాలను సంస్థ దగ్గరే అద్దెకు తీసుకోవలసి వచ్చేది, అన్నిటికన్నా ముఖ్యంగా సంస్థ పంపే వర్ణ సలహాదారు మాటకు కట్టుబడవలసి వచ్చేది. నటలీ కాల్మస్ నాయకత్వంలోని ఆ విభాగం స్క్రిప్టు చదివి, ఏ సన్నివేశంలో ఏ దుస్తులు, ఏ గోడలు, ఏ తెరలు ఏ వన్నెలో ఉండాలో ముందే ఒక పట్టిక తయారు చేసేది. ఈ పెత్తనం మీద దర్శకులకూ కళాదర్శకులకూ కోపం ఉండేదన్నది నిజమే, ఆ కోపానికి కారణమూ ఉంది; కాని చిత్రీకరణ మొదలయ్యే రోజుకు రంగు గురించిన ఆలోచన పూర్తయి ఉండేది. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్'లో బాలిక డోరతీ తొడుక్కునే చెప్పులు మూల నవలలో వెండివి; టెక్నికలర్ తెర మీద పసుపు ఇటుకల బాటకు ఎదురుగా నిలబడాలని వాటిని కెంపు ఎరుపుకు మార్చారు.

ఇక్కడ ఒక అపోహను పక్కకు నెట్టాలి. నేటి చిత్రాల లోపం కృత్రిమత్వంలో ఉందనీ, అసలైన కొండ, అసలైన నది, అసలైన ఊరు చూపితే చాలుననీ వాదించేవారు ఉన్నారు. మైకెల్ పవెల్, ఎమరిక్ ప్రెస్‌బర్గర్ 1947లో తీసిన 'బ్లాక్ నార్సిసస్' హిమాలయాల్లోని ఒక క్రైస్తవ సన్యాసినుల మఠం కథ. ఆ చిత్రం దాదాపుగా ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలోనే తయారైంది, ప్రేక్షకుడిని కళ్లు తిరిగేలా చేసే ఆ లోయలూ మంచు శిఖరాలూ చాలావరకు మ్యాట్ పెయింటింగులు, అంటే నటులున్న భాగాన్ని వదిలి మిగతా దృశ్యాన్ని చేత్తో చిత్రించి ఒకే ఫ్రేములో కలిపిన బొమ్మలు. ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్ డచ్చి, ఇటలీ చిత్రకారుల వెలుగును అధ్యయనం చేసి, సాయంకాలపు ఆకుపచ్చ నీడలో ఒక సన్యాసిని పెదవుల ఎరుపును పిడుగులా మెరిపించాడు, ఆ సంవత్సరపు వర్ణ ఛాయాగ్రహణ ఆస్కార్ కూడా అందుకున్నాడు. ఆ హిమాలయం పూర్తిగా అబద్ధం, అయినా దాని ప్రతి గీతనూ ఎవరో ఒకరు గట్టిగా నిశ్చయించుకొని గీశారు. కనుక అబద్ధపు దృశ్యం చెడ్డదన్న వాదన నిలవదు.

అలాగే రంగు తగ్గించడం దానంతట అది దోషం కాదు. జపాన్ ఛాయాగ్రాహకుడు కజువో మియగావా 1960లో కోన్ ఇచికావా చిత్రం 'ఒతోతో' కోసం బ్లీచ్ బైపాస్ అనే పద్ధతిని వాడాడు: మామూలుగా ఫిల్మును కడిగేటప్పుడు రంగులు ఏర్పడ్డాక మిగిలిన వెండిని తొలగిస్తారు, ఆ మెట్టును దాటవేస్తే వెండి రంగుల మీద నల్లటి పొరలా నిలిచి గాఢతను తగ్గిస్తుంది, అదే సమయంలో నలుపును మరింత నలుపు చేస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన ప్రక్రియలను 1995లో 'సెవెన్' కోసం డారియస్ కోంజీ, 1998లో 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' కోసం యానుష్ కమిన్‌స్కీ వాడుకున్నారు. కమిన్‌స్కీ కటకాల మీది రక్షణ పూతను సైతం తీయించి, యుద్ధకాలపు వార్తాచిత్రాల పొడిబారిన వెలుగును సాధించాడు. గమనించవలసినదేమంటే ఈ చిత్రాల్లో రంగు తగ్గినా వెలుగునీడల అంతరం పెరిగింది, ఒకదాన్ని వదులుకున్నందుకు మరొకటి చేతికి వచ్చింది. నేటి మసక చిత్రాల్లో రంగూ లేదు, ఆ అంతరమూ లేదు. నలుపు ముదురు బూడిదగా, తెలుపు లేత బూడిదగా మిగిలిపోయి, పాత్ర ముఖం, గోడ, ఆకాశం ఒకే బరువుతో కనిపిస్తాయి.

ఈ మలుపు ఎక్కడ వచ్చిందంటే, 2000లో కోయెన్ సోదరులు తీసిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' దగ్గరని చరిత్రకారులు చెబుతారు. వేసవి పచ్చదనంతో నిండిన మిసిసిపీ రాష్ట్రంలో తీసిన ఆ చిత్రానికి 1930ల కరవు కాలపు ఎండిన గడ్డి రంగు కావలసి వచ్చి, ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ నెగెటివ్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆకుపచ్చను మాత్రమే ఏరి గడ్డిపసుపుగా మార్పించి, తిరిగి ఫిల్ము మీదికి దించాడు. డిజిటల్ ఇంటర్మీడియెట్ అనే ఈ ప్రక్రియనే తెలుగు పరిశ్రమ 'డీఐ' అంటుంది. డీకిన్స్‌కు తనకేమి కావాలో చిత్రీకరణకు ముందే తెలుసు, సాధనం తర్వాత దొరికింది. ఆ తర్వాత ఈ క్రమం తలకిందులైంది: సాధనం అందరికీ అందింది, ఏమి కావాలన్న ప్రశ్న మాత్రం డీఐ గదికి చేరేదాకా ఎవరూ వేసుకోవడం మానేశారు. ముఖాల రంగు, ఏ జాతి మనిషిదైనా, నారింజ వన్నె పరిధిలోనే ఉంటుంది కనుక దానికి పూరక వర్ణమైన, అంటే వర్ణచక్రంలో సరిగ్గా ఎదురుగా ఉండే నెమలినీలాన్ని నేపథ్యంలోకి నెడితే ముఖం సులువుగా పైకి తేలుతుంది. ఈ చిట్కా 2000ల చివరికల్లా హాలీవుడ్ భారీ చిత్రాల్లో చాలావాటికి అంటుకుంది. మెక్సికో అంటే పసుపు మసక, తూర్పు ఐరోపా అంటే నీలి మసక అనే సంకేతాలూ ఇలాగే స్థిరపడ్డాయి. వీటిలో మొదటిది స్టీవెన్ సోడర్‌బర్గ్ 'ట్రాఫిక్' (2000)లో మూడు కథలను వేరుచేసే ఉపాయంగా పుట్టి, తర్వాతివారి చేతుల్లో ఒక దేశాన్ని అవమానించే ముద్రగా మిగిలింది.

డిజిటల్ కెమెరా పాత్రను కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మీద వేసే నిందలో సగం సరైనది కాదు. 2010లో ఆరీ సంస్థ విడుదల చేసిన అలెక్సా కెమెరా సుమారు 14 స్టాప్‌ల పరిధిలో వెలుగును పట్టగలదు. ఒక్కో స్టాప్ వెలుగు రెట్టింపును సూచిస్తుంది కనుక గదిలోని చీకటి మూలనూ కిటికీ బయటి ఎండనూ అది ఒకే షాట్‌లో చెడకుండా నమోదు చేయగలదు. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరేనాటికి, 2013లో ఫ్యూజీ సంస్థ సినిమా ముడి ఫిల్ము తయారీని ఆపివేసేనాటికి, పరిశ్రమ ఈ కెమెరాల వైపు మళ్లిపోయింది. ఇంత విస్తారమైన పరిధిని పరిమితమైన అంకెల్లో భద్రపరచడానికి 'లాగ్' అనే సంవర్గమాన పద్ధతి వాడతారు. అందులో వెలుగులు అణిగి, నీడలు పైకి లేచి, చిత్రం పాలు కలిపిన నీళ్లలా కనిపిస్తుంది. అది చూడడానికి ఉద్దేశించిన చిత్రం కాదు, ధాన్యాన్ని గాదెలో పోసినట్లు సమాచారాన్ని దాచుకునే పద్ధతి మాత్రమే. కాని ఆ పాలిపోయిన రూపాన్ని, లేదా దానికి కాస్తంత రంగు పూసిన తాత్కాలిక రూపాన్ని, కూర్పరి గదిలో నెలల తరబడి చూసిన కళ్లు దానికే అలవాటు పడతాయి. చివరికి రంగులు సరిదిద్దే కలరిస్ట్ గాఢత పెంచి చూపితే అది ఎబ్బెట్టుగా తోస్తుంది.

దీనికి తోడు ఫిల్ముకూ డిజిటల్‌కూ రంగు ఏర్పడే తీరులోనే భేదం ఉంది. ఫిల్ములో రంగు అద్దకం, గాఢత పెరిగేకొద్దీ అది ఎక్కువ వెలుగును మింగుతుంది, అందువల్ల చిక్కటి ఎరుపు బరువైన ఎరుపుగా, పట్టుచీర మడతలో కనిపించేంత లోతుగా వస్తుంది. డిజిటల్‌లో అంకెలు పెంచి గాఢత తెస్తే రంగు లోతెక్కడానికి బదులు ప్లాస్టిక్ బొమ్మలా వెలిగిపోతుంది. ఈ వెకిలితనం నుంచి తప్పించుకోవడానికి అత్యంత సులువైన దారి గాఢతను తగ్గించేయడం. ఫిల్ము లాంటి లోతును డిజిటల్‌లో సాధించే గణిత పద్ధతులు నేడు ఉన్నాయి, వాటిని వాడే కలరిస్టులూ ఉన్నారు. కాబట్టి ఇది యంత్రం విధించిన శిక్ష కాదు, సమయం, శ్రద్ధ కేటాయించకపోవడం వల్ల మిగిలే ఫలితం.

రంగు సమస్యకూ గ్రాఫిక్స్ సమస్యకూ ముడి పడేది వెలుతురు దగ్గర. నటుడిని గ్రీన్ మ్యాట్ ముందు, అంటే తర్వాత తొలగించడానికి వీలైన ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టినప్పుడు, అతని వెనక రాబోయేది ఎడారా, అంతరిక్షమా, తగలబడుతున్న నగరమా అన్నది చాలాసార్లు అప్పటికి తేలి ఉండదు. అందువల్ల ఏ నేపథ్యానికైనా అతికేలా, ఏ దిక్కు నుంచీ గట్టి నీడ పడకుండా, మబ్బు పట్టిన పగటిలాంటి చదునైన వెలుగు వేస్తారు. తర్వాత అతికించే నేపథ్యం ఆ చదును వెలుగుకు సరిపోవాలి గనుక ఆకాశమూ మబ్బు పడుతుంది, కొండలూ పొగమంచులో మునుగుతాయి. అతుకు కనపడకుండా ఉండడానికి నేపథ్యం మీద మసక కప్పడం మరొక ఉపాయం. ఈ విధంగా బూడిద రంగు ఒక సౌందర్య నిర్ణయంగా గాక అతుకులను దాచే పూతగా తెర మీదికి వస్తోంది.

ఈ చర్చ ఇటీవల బాగా రగిలింది 'వికెడ్' (2024) చిత్రం దగ్గర. అదే ఆజ్ లోకం, 1939లో కెంపుల చెప్పులు మెరిసిన లోకం. దర్శకుడు జాన్ ఎం. చూ ఇంగ్లండులో 90 లక్షల ట్యులిప్ మొక్కలను నిజంగా నాటించాడు, పచ్చల నగరాన్ని భారీ సెట్లుగా కట్టించాడు, అయినా విడుదలయ్యాక వినిపించిన మొదటి ఆక్షేపణ రంగులు పాలిపోయాయన్నదే. ఆజ్ ప్రేక్షకులకు కలలా కాక దుమ్మూ ధూళీ ఉన్న నిజమైన చోటుగా అనిపించాలన్నది తన ఉద్దేశమని దర్శకుడు సమాధానమిచ్చాడు. ఈ సమాధానం నిజాయితీగలదే గాని, అందులో మన కాలపు ఒక బలమైన నమ్మకం దాగి ఉంది: రంగు తగ్గితేనే నిజం, గంభీరం, రంగు పెరిగితే పిల్లల ఆట, నాటకం. బ్రిటిష్ రచయిత డేవిడ్ బాచెలర్ 2000లో వెలువరించిన 'క్రోమోఫోబియా' గ్రంథంలో, పాశ్చాత్య సంస్కృతి రంగును చాలాకాలంగా స్త్రీలకూ, తూర్పు దేశాలకూ, అనాగరికులకూ చెందిన పైపై అలంకారంగా చిన్నచూపు చూసిందని వాదించాడు. సూపర్ హీరోల కథలు తమ ముద్రిత మూలంలోని నీలం, ఎరుపులను విడిచి తోలు, ఇనుము, మబ్బు వన్నెలు తొడుక్కున్న తీరును ఈ వాదంతో కలిపి చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

ప్రదర్శన స్థలాల దోషాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. డిజిటల్ థియేటర్లకు నిర్దేశించిన తెర కాంతి చదరపు మీటరుకు 48 క్యాండెలాలు, త్రీడీ అద్దాలు పెట్టుకుంటే కంటికి చేరేది అందులో మూడో వంతు వరకు పడిపోతుంది. ఇక ఇళ్లలో, 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ధారావాహికలోని 'ది లాంగ్ నైట్' భాగం ప్రసారమైనప్పుడు లక్షలాది మందికి యుద్ధమే కనిపించలేదు. ఛాయాగ్రాహకుడు ఫాబియన్ వాగ్నర్ టీవీల అమరికనూ ప్రసారంలోని కుదింపునూ కారణంగా చూపాడు. ప్రేక్షకుడు చూసేది ఏ తెర మీదో తెలిసి కూడా దానికి తగిన వెలుగును లెక్కవేయని పక్షంలో ఆ సమర్థన పూర్తిగా నిలబడదు.

గ్రాఫిక్స్ అతివాడకాన్ని షాట్ల సంఖ్యతో కొలవడం తప్పుదారి పట్టిస్తుంది. 'జురాసిక్ పార్క్' (1993)లో కంప్యూటర్ డైనోసార్లు కనిపించేది కొద్ది నిమిషాలే, మిగిలినవి స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన యంత్ర బొమ్మలు, ఇది తరచుగా పొదుపుకు ఉదాహరణగా చెబుతారు. అయితే నిజమైన వాహనాలతో నమీబియా ఎడారిలో తీసినందుకు అందరూ మెచ్చుకొనే 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' (2015)లో సుమారు 2,000 గ్రాఫిక్స్ షాట్లు ఉన్నాయి, అసలు విమానాల చిత్రంగా ప్రచారం పొందిన 'టాప్ గన్: మావెరిక్' (2022)లో సుమారు 2,400 ఉన్నాయి. వాటిని ఎవరూ ఆక్షేపించరు, ఎందుకంటే ఎడారి ఇసుక మీద పడే ఎండ దిక్కు, బండి బరువు, దుమ్ము లేచే ఎత్తు కెమెరా ముందే స్థిరపడ్డాయి. కంప్యూటర్ ఆ స్థిరమైన చిత్రానికి చేర్పులు చేసింది. 'ఫ్యూరీ రోడ్' దర్శకుడు జార్జ్ మిల్లర్, కలరిస్ట్ ఎరిక్ విప్ కలిసి ప్రళయానంతర కథలంటే పాలిపోయి ఉండాలన్న ఆనవాయితీని కావాలనే కాదని, ఇసుకను మండే నారింజగా, ఆకాశాన్ని గాఢ నీలంగా ఉంచారు.

వాయిదా వేసిన నిర్ణయాల భారం ఎవరి మీద పడుతుందో చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. గ్రాఫిక్స్ సంస్థలు సాధారణంగా ఒక మొత్తానికి పని ఒప్పుకుంటాయి. దర్శకుడు మనసు మార్చుకొన్న ప్రతిసారీ చేసిన పనిని చెరిపి మళ్లీ చేయవలసి వచ్చినా ఆ మొత్తం పెద్దగా పెరగదు. 'లైఫ్ ఆఫ్ పై' (2012)లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది, అదే నెలలో ఆ చిత్రానికి గ్రాఫిక్స్ ఆస్కార్ వచ్చింది, వేదిక మీద సంస్థ కష్టాన్ని ప్రస్తావించబోయిన పర్యవేక్షకుడి మాటలను సంగీతంతో కప్పేసి మైకు ఆపేశారు. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ప్రపంచం నమ్మిన ఆ పులి వెంట్రుకల వెనక తెలుగు నేల మీద రాత్రింబవళ్లు కూర్చున్న కళాకారుల శ్రమ ఉంది. 2023 సెప్టెంబరులో మార్వెల్ స్టూడియోస్ గ్రాఫిక్స్ సిబ్బంది ఏకగ్రీవంగా యూనియన్‌కు ఓటు వేయడం వెనక ఉన్నదీ ఈ అలసటే. గడువుకు పది రోజుల ముందు మారిన సన్నివేశంలో పొగమంచు ఎందుకు అంత దట్టంగా ఉంటుందో ఈ పరిస్థితులు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు సినిమాకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 1963లో 'లవకుశ'తో పూర్తి రంగుల్లోకి వచ్చిన ఈ పరిశ్రమ, 'ఈగ' (2012), 'బాహుబలి' (2015) చిత్రాలకు గ్రాఫిక్స్‌లో జాతీయ పురస్కారాలు అందుకునే స్థాయికి ఎదిగింది. 'ఈగ'లో కంటికి ఆనని ప్రాణి కోపాన్నీ పంతాన్నీ నమ్మగలగడం, దాని రెక్క మీద పడే వెలుగు గదిలోని వెలుగుతో ఏకమైనందువల్లే సాధ్యమైంది. మరొక వైపు 2022 అక్టోబరులో టీజరు వచ్చినప్పుడే గ్రాఫిక్స్ మీద తీవ్ర విమర్శకు గురై, విడుదలను 2023 జూన్ దాకా వాయిదా వేసుకున్న 'ఆదిపురుష్' ఉంది. రామాయణాన్ని నీలిబూడిద లోకంలో చూపడం ప్రేక్షకులను నొప్పించింది, ఆ నొప్పిని భక్తిగా మాత్రమే కొట్టిపారేయడం సరికాదు. కోలారు గనుల కథ కనుక 'కేజీఎఫ్' (2018)కు బొగ్గు నలుపు, మట్టి గోధుమ తగినవే. గనులతో సంబంధం లేని కథలు సైతం అదే మసిని పూసుకోవడం మొదలయ్యాకే తెర ఊపిరాడకుండా అయింది. అదే 2018లో వచ్చిన 'రంగస్థలం'లో ఛాయాగ్రాహకుడు రత్నవేలు, కళాదర్శకులు రామకృష్ణ, మోనిక కట్టిన గోదావరి పల్లె సెట్టుకు తగిన ఎండనూ దీపాల పసుపునూ ఇచ్చి, 1980ల కథను దుమ్ముపట్టిన ఫొటోలా మార్చకుండానే గతకాలంగా నమ్మించాడు. చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు అని రంగులకు చెట్టు నుంచీ పిట్ట నుంచీ పేర్లు తెచ్చుకున్న జాతి, పసుపు పూసిన గడపను రోజూ దాటే జాతి, తన తెర మీద ఆ పేర్లకు తగిన రంగు ఒక్కటీ కనిపించకపోవడాన్ని చిన్న నష్టంగా భావించలేదు.

నిర్ణయం ముందుండటం అంటే ఏమిటో నలుపు తెలుపు కాలపు ట్రిక్ షాట్లలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఛాయాగ్రాహకులు రవికాంత్ నగాయిచ్ 'సీతారామ కళ్యాణం' (1961)లో, మార్కస్ బార్‌ట్లీ 'మాయాబజార్' (1957)లో చేసినవి మాస్క్ పద్ధతికి చెందిన పనులు: ఫ్రేములో ఒక భాగాన్ని కప్పి మిగతా భాగాన్ని తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, ఇప్పుడు ఆ మొదటి భాగాన్ని తెరిచి రెండోసారి తీసేవారు. ఒక్క పొరపాటు జరిగితే నెగెటివ్ మొత్తం పాడయ్యేది, అందువల్ల ఘటోత్కచుడి చెయ్యి ఎక్కడికి చాచాలో, దీపం ఏ మూల నుంచి రావాలో కెమెరా తిరగక ముందే లెక్క కట్టి ఉంచేవారు. 2010లో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ ఈ 'మాయాబజార్'కు డిజిటల్ పద్ధతిలో రంగులు అద్ది విడుదల చేసింది. నలుపు తెలుపును ముట్టుకోరాదనేవారి అభ్యంతరం ఒక పక్కన ఉంచి చూస్తే, శశిరేఖ చీరకు ఏ రంగు ఉండాలో కంప్యూటర్ ముందు కూర్చున్నవారు ఎంచుకున్నారు గాని, ఆ చీర మడతల్లో వెన్నెల ఎక్కడ ఆగాలో, నీడ ఎక్కడ మొదలవాలో అప్పటికి 53 ఏళ్ల కిందటే మద్రాసు స్టూడియోలో బార్‌ట్లీ చేతిలో తేలిపోయి ఉంది.